మేనల్లుడి మూడో కోరిక

సెమెయ్ ఊళ్ళో ఆ ఏడాది మొదటి మంచు పడిన రోజున సోవెత్‌బెక్ ఉపాధి కేంద్రంలో కూర్చుని, తనకు ఉద్యోగం లేదని ఒక అమ్మాయిని నమ్మించడానికి నానా తంటాలు పడుతున్నాడు.

"నాకు పని లేదు తల్లీ," అన్నాడు మళ్ళీ. "ఫ్యాక్టరీ వాళ్ళు తీసేశారు. ఇదిగో కాగితం. ముద్ర కూడా ఉంది చూడు."

కంప్యూటర్ వెనక కూర్చున్న షోల్పాన్ చిన్నపిల్ల. మంచి పిల్లే. పొద్దుటి నుంచి ఆ కుర్చీలోంచి లేవకపోయినా ఎవరినీ కసురుకోలేదు. "ఫ్యాక్టరీ సంగతి నాకూ కనిపిస్తోంది బాబాయ్‌గారూ. అక్కడ మీ పని పోయింది, నిజమే. కానీ మీరు నిరుద్యోగి కారు. మీరు వ్యాపారస్తులు."

"ఎవరూ?"

"మీరే. టైర్ల షాపు. బాగానే నడుస్తున్నట్టుంది, పన్ను వేళకి కడుతున్నారు." ఆమె తెర మీద ఇంకేదో చూసి పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుంటోందని అతనికి అర్థమైంది. "మనిషి కావాలని మా దగ్గర ప్రకటన కూడా ఇచ్చారు. ఫిట్టర్ పని తెలిసినవాడు కావాలి, వయసు పట్టింపు లేదు అని. నిజం చెప్పాలంటే ఇవాళ మీకు సరిగ్గా సరిపోయే ఉద్యోగం ఇదొక్కటే. కానీ మీ దగ్గరికి మిమ్మల్నే పంపడానికి మా సిస్టమ్ ఒప్పుకోదు."

వెనక వరసలో ఎవడో పకపకా నవ్వాడు. సోవెత్‌బెక్ చెవులు కాలిపోయాయి. "అది నా షాపు కాదమ్మా. నేను దాని గుమ్మం కూడా తొక్కలేదు."

"పేరు మీదే కదండీ?"

పేరు అతనిదే. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆ పేరు సంగతి కాస్త చెప్పాలి. సోవెత్‌బెక్ పుట్టినప్పుడు వాళ్ళ నాన్న ఆనాటి సోవియట్ ప్రభుత్వం మీద అభిమానం పొంగి ఆ పేరు పెట్టాడు. ప్రభుత్వం పోయింది, పేరు మిగిలిపోయింది. దానివల్ల అతనికి ఏనాడూ లాభమూ లేదు, నష్టమూ లేదు. ఆ పేరు పెట్టుకుని మకరోనీ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు ప్యాకింగ్ యంత్రాలు బాగుచేశాడు. ఎండాకాలం చివర్లో కొత్త యజమానులు వచ్చి యంత్రాలు అమ్మేసుకుని, పనివాళ్ళను ఇళ్ళకు పంపేశారు. పోతూ పోతూ తలా కొన్ని బస్తాల మకరోనీ చేతిలో పెట్టారు. అప్పటినుంచి సోవెత్‌బెక్ ఇంట్లో పొద్దున మకరోనీ, రాత్రి మకరోనీ. చుట్టాలొచ్చినా మకరోనీయే.

అలాంటి పేరును ఒక పనికొచ్చే వస్తువుగా మొట్టమొదట చూసినవాడు అతని అక్క రాబిగా కొడుకు, దౌలెన్.

అక్కడి పాత ఆచారం ప్రకారం మేనల్లుడు మేనమామ ఇంటికొచ్చి మూడుసార్లు ఏం కోరినా ఇవ్వాలి. కాదనకూడదు. ఇచ్చాక వెనక్కి అడగకూడదు. జియెన్‌కురిక్ అంటారు దాన్ని. ఈ ఆచారం పెట్టిన మహానుభావుల దగ్గర గుర్రాల మందలుండేవి. మందలోంచి మేనల్లుడు ఒక పిల్లగుర్రాన్ని తోలుకుపోతే వాళ్ళకు తెలిసేది కూడా కాదు. మకరోనీ ఫ్యాక్టరీ ఫిట్టర్ల గురించీ, సర్కారు కంప్యూటర్ల గురించీ వాళ్ళు ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఒక షరతు పెట్టి ఉండేవాళ్ళు.

దౌలెన్ మొదటి కోరిక చిన్నప్పుడే అడిగేశాడు. సోవెత్‌బెక్ ప్రాణంగా పెంచుకున్న వేటకుక్క పిల్లను చంకనెత్తుకుపోయాడు. రెండో కోరికకు చాలా ఏళ్ళు ఆగాడు. రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం, గడ్డం నున్నగా గీయించుకుని, ఇంత పెద్ద కేకు పట్టుకుని ఊడిపడ్డాడు. కేకు చూడగానే సోవెత్‌బెక్ గుండె గుభేలుమంది. వాకిట్లో అతని పాత నీవా జీపు ఉంది. ఇంజను అతనే మూడుసార్లు విప్పి బిగించుకున్నాడు. వీడి కన్ను దాని మీద పడింది, పోయింది నా బండి, అనుకున్నాడు.

"మావయ్యా, రెండోది అడగడానికొచ్చా," అన్నాడు దౌలెన్. "నీ పేరు కావాలి."

పాత వ్యాపారం ఏదో మునిగి, వాడి ఖాతాను కోర్టువాళ్ళు పట్టేశారు. అందులో పైసా పడితే పడ్డట్టే మాయమవుతుంది. కొత్తగా టైర్ల షాపు పెట్టాలంటే ఇంకొకరి పేరు ఉండాలి. అంతే. జీపు ఊసే లేదు. సోవెత్‌బెక్‌కు ప్రాణం లేచొచ్చింది. పేరేగా, ఇంట్లోంచి పోయేదేముంది అనుకుని, ఆ సంతోషంలో మేనల్లుణ్ణి కౌగిలించుకున్నాడు కూడా. ఇద్దరూ ఆఫీసుకెళ్ళారు. కెమెరా ముందు కూర్చుని కళ్ళార్పమంటే ఆర్పాడు. ఇంటికొచ్చి కేకు తిన్నాడు. ఆ విషయం అక్కడితో మరిచిపోయాడు.

ఇప్పుడా కేకు కడుపులో అడ్డం తిరిగింది.

"మరేం చెయ్యాలి?" అన్నాడు షోల్పాన్‌తో.

"షాపు మూసెయ్యండి. మూసినట్టు కాగితం రాగానే మిమ్మల్ని నిరుద్యోగిగా రాసుకుంటాను. భృతి కూడా అప్పట్నుంచే."

* * *

ఇంటి దగ్గర అతని భార్య కుల్పాష్ ఆవు పాలు పితుకుతోంది. తర్గిల్ అని ఆ ఆవు పేరు. ఒంటినిండా చారలు. చూడితో ఉంది, చలికాలం చివరికి ఈనుతుంది. ఏటా ఈ రోజులకల్లా వాకిట్లో బొగ్గు లారీ దిగేది. ఈ ఏడు వాకిలి నున్నగా ఉంది. భృతి వస్తే బొగ్గు వస్తుంది. రాకపోతే తర్గిల్ సంతకు పోతుంది. మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఆ లెక్క తెలుసు. సందు చివరి పశువుల బేరగాడికీ తెలుసు. వాడప్పుడే ఓసారి వచ్చి, ఊరికే పలకరించడానికొచ్చినట్టు నటిస్తూ ఆవు పక్కటెముకలు తడిమి పోయాడు.

భర్త చెప్పిందంతా కుల్పాష్ తల ఎత్తకుండా విన్నది. "ఊళ్ళో జనానికి పని పోతే నిరుద్యోగులవుతారు. నువ్వు షావుకారువయ్యావు. ఎంత జాతకమయ్యా నీది! సరే షావుకారుగారూ, బొగ్గు తెప్పించండి మరి."

"నీకు ఎగతాళిగా ఉందే?"

"ఏడవమంటావా? ఏడిస్తే ఇల్లు వెచ్చబడుతుందా? ఆ రోజు నేను వంటింట్లోంచి సైగ చేస్తూనే ఉన్నాను. నువ్వు నావైపు చూస్తేగా. పేరు ఇచ్చేవాడెవడయ్యా లోకంలో! ఎద్దును ఇస్తారు, ఎడ్లబండి ఇస్తారు. పేరు ఇస్తారా?"

"ఆచారమే. కాదంటే ఎలా?"

"ఆచారమూ నీకే, ఆఫీసూ నీకే. నాకు మాత్రం మకరోనీ." బకెట్టు తీసుకుని లోపలికి పోయింది.

* * *

దౌలెన్ షాపు నది వంతెన ఇవతల గ్యారేజీల వరసలో ఉంది. ఆ రోజంతా అక్కడ కార్లు రోడ్డు మీది దాకా నిలబడిపోయాయి. సెమెయ్‌లో మనుషులు అంతే. మంచు వస్తుందని ఎండాకాలం నుంచీ తెలిసినా, అది పడ్డ రోజు పొద్దున్నే అందరికీ ఒక్కసారిగా చలికాలం టైర్లు గుర్తొస్తాయి. ఆ వరసను తోసుకుంటూ సోవెత్‌బెక్ లోపలికెళ్తే, మేనల్లుడు మోకాళ్ళ మీద కూర్చుని చక్రం విప్పుతున్నాడు. మొహమంతా మసి. గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ కింద "సోవెత్‌బెక్" అని పేద్ద అక్షరాలు. వచ్చినవాడల్లా ఫోన్ దానివైపు చూపించి డబ్బు కట్టి పోతున్నాడు. తన పేరును అంతమంది అంత మర్యాదగా చూడటం సోవెత్‌బెక్‌కు అదే మొదటిసారి తెలిసింది.

"దౌలెన్, నా పేరు నాకిచ్చెయ్ రా."

వాడు చక్రం వదల్లేదు. "మావయ్యా, ఇవాళా? బయట వరస చూశావా?"

"చూశాను. ఇవాళే."

"ఏడాదంతా నేను తినేది ఈ కొన్ని వారాల్లోనే మావయ్యా. ఒక్క నెల ఆగు. సీజన్ అయిపోగానే నేనే మూసేస్తా, నీ కాళ్ళకి దణ్ణం పెడతా."

"చలి ఆగుతుందట్రా నెల? పోయి దానికి చెప్పు. నీ పెళ్ళాం పేరు మీద పెట్టుకో."

"అది పోలీసు స్టేషన్లో పనిచేస్తోంది. సర్కారు ఉద్యోగి పేరు మీద వ్యాపారం ఏంటి మావయ్యా?"

"మీ అమ్మ?"

"అమ్మకి ఆ కాగితాలంటే భయం."

"ఓహో! మీ అమ్మకి భయం. నాకు మాత్రం భయం ఉండకూడదు."

"నువ్వు మేనమామవి కదా," అన్నాడు దౌలెన్. ఎగతాళి లేదు ఆ మాటలో. వాడు మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే ఇంకా ఒళ్ళు మండించింది. "బొగ్గు నేను తెప్పిస్తా మావయ్యా. పూచీ నాది."

"నిరుడు నీళ్ళ పంపు తెప్పిస్తానన్నావు. ఇంకా దారిలోనే ఉన్నట్టుంది. నాకు నీ బొగ్గు వద్దు. ఇన్నేళ్ళూ ఫ్యాక్టరీ నా భృతి కోసం నా పేరున కట్టిన సొమ్ముంది. అది నాది. ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేదు. మధ్యలో నువ్వు అడ్డంగా కూర్చున్నావు. ఆదివారం దాకా టైమిస్తున్నా, ఆ పైన నేనే మూసేస్తా."

వాడు ఇంకో బోల్టు విప్పాడు. బయట హారన్లు మోగుతున్నాయి. సోవెత్‌బెక్ ఇంటికి చేరే లోపే రాబిగా ఫోన్ చేసింది.

"ఏరా, మేనల్లుడికిచ్చింది తిరిగి అడిగావట?" గొంతులో నిప్పులు. "మన వంశంలో ఎవడైనా అడిగాడా? నాన్న బతికుంటే తలెత్తుకునేవాడా?"

"అక్కా, పోనీ నీ పేరు ఇవ్వచ్చుగా వాడికి?"

"నేను తల్లిని. తల్లిని అడిగే హక్కు లేదురా కొడుక్కి. మేనమామనే అడగాలి." టక్కున పెట్టేసింది.

 ఆ మాటకు ఎవరికైనా జవాబు దొరుకుతుందని నేననుకోను.

* * *

ఆదివారం వచ్చింది, పోయింది. దౌలెన్ మూయలేదు. అప్పటినుంచీ సోవెత్‌బెక్ చెప్పులరిగేలా తిరిగాడు. పన్నుల ఆఫీసులో మొదటి కిటికీ ఆయన రెండో కిటికీకి పొమ్మన్నాడు. రెండో కిటికీ ఆవిడ, షాపులో బిల్లు మిషను ఉంది కదా, ముందు దాన్ని రద్దు చేయించుకు రమ్మంది. బిల్లు మిషను రద్దు చేసే చోట, ఇది ఫోన్లోనే అవుతుంది, ఇంతదూరం ఎందుకొచ్చారని విసుక్కున్నారు. ఫోన్లో చూస్తే, మీ ఎలక్ట్రానిక్ సంతకం కావాలన్నది. ఆ సంతకం దౌలెన్ ఫోన్లో ఉంది. తన చేతి సంతకం మేనల్లుడి జేబులో ఉండటమేమిటని ఆలోచిస్తే అతనికి తల తిరిగింది.

చివరికి షోల్పానే జాలిపడి చెప్పింది. "సేవాకేంద్రానికెళ్ళి కొత్త సంతకం తీసుకోండి బాబాయ్‌గారూ. మీ మొహం చాలు. పాతది దానంతటదే చెల్లకుండా పోతుంది."

మొహం చాల్లేదు. కెమెరా అతన్ని గుర్తుపట్టలేదు. టోపీ తీయమన్నారు. తీశాడు. అద్దాలు తీయమన్నారు. తీశాడు. నవ్వొద్దన్నారు. "నేను నవ్వుతున్నానా?" అని అరిచాడు. హాల్లో జనం తిరిగి చూశారు. అక్కడి కుర్రాడు మెల్లిగా, "మొహం కోపంగా కూడా పెట్టకండి తాతా, పాత ఫోటోలో మీరు ప్రశాంతంగా ఉన్నారు," అన్నాడు. పాత ఫోటో ఫ్యాక్టరీలో పనిచేస్తున్న రోజులది. సోవెత్‌బెక్ కళ్ళు మూసుకుని, యంత్రాలన్నీ చక్కగా తిరుగుతూ ఉన్న ఒక మధ్యాహ్నాన్ని తలుచుకున్నాడు. కళ్ళు తెరిచాడు. ఆర్పమంటే ఆర్పాడు. అప్పుడు గుర్తుపట్టింది.

ఆ కుర్రాడే ఫోన్లో మిగతావన్నీ నొక్కి, ఆఖరిది మాత్రం అతని ముందు పెట్టాడు. "మూసివేయి" అని ఒక్క మాట. "ఇది మీరే నొక్కాలి."

సోవెత్‌బెక్ వేలు దాని మీద ఆగిపోయింది. ఇది నొక్కగానే వంతెన దగ్గర గోడ మీది పేరు చచ్చిపోతుంది. ఫోన్లు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంటాయి. కార్లు పక్క షాపుకు పోతాయి. కుక్కపిల్లను చంకలో పెట్టుకుని, వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళిన పిల్లవాడు గుర్తొచ్చాడు. వాడంటే అతనికి ప్రేమే. ప్రేమ లేకపోతే ఇన్నాళ్ళు ఆలోచించేవాడే కాదు. కానీ తర్గిల్ కూడా కళ్ళముందు కనిపించింది, దాని పక్కటెముకల మీద బేరగాడి చెయ్యి కూడా.

నొక్కేశాడు.

బయటికొచ్చేసరికి ఫోన్ మోగుతోంది. దౌలెన్. ఎత్తలేదు. తరవాత రాబిగా. ఎత్తాడు.

"నాకు తమ్ముడు లేడు," అని చెప్పి పెట్టేసింది.

* * *

అతను కోపంతో, అంతకన్నా ఎక్కువ బాధతో, దారంతా నడిచే ఇంటికొచ్చాడు. సందు మలుపులో దౌలెన్ కారు ఎదురొచ్చి పక్కనించి పోయింది. వాడు తల తిప్పుకున్నాడు. ఇంట్లోకి వెళ్తే కుల్పాష్ నూనెలో పిండి ఉండలు వేయిస్తోంది. బల్ల మీద రెండు టీ గిన్నెలు. మకరోనీ జాడ లేదు.

"వాడెందుకొచ్చాడు?"

"వచ్చాడు. టీ తాగాడు. పోయాడు."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? నువ్వు చేసిందే చెప్పాడు. కూర్చో, వేడిగా ఉన్నాయి, తిను."

షావుకారుగారూ అనలేదు. ఒక్క దెప్పు మాట లేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ లేనిది జరిగితే సోవెత్‌బెక్ అనుమానపడి ఉండాల్సింది. కానీ ఆకలి వేస్తోంది, పిండి ఉండలు వేడిగా ఉన్నాయి. తిని పడుకున్నాడు.

మూసినట్టు కాగితం వచ్చాక దాన్ని గుండెకు హత్తుకుని ఉపాధి కేంద్రానికి పరిగెత్తాడు. షోల్పాన్ మొహం విప్పారింది. "భలే బాబాయ్‌గారూ! ఇప్పుడు మీరు వ్యాపారస్తులు కారు."

"అయితే నిరుద్యోగినేనా?"

"ఇంకా కారు. ఒక్కటి మిగిలింది. మీకు తగిన పని ఏదైనా ఉందేమో ముందు చూపించాలి. ఉండి, మీరు వద్దంటే భృతి లేదు. వాళ్ళే మిమ్మల్ని వద్దంటే, ఎందుకు వద్దన్నారో కాగితం మీద రాయించుకురావాలి. అంతే, అయిపోతుంది. భయపడకండి, ఈ రోజుల్లో ఎక్కడా పనులు లేవు." మీటలు నొక్కింది. నొక్కి ఆగింది. "ఒకటుంది."

"ఎక్కడ?"

"టైర్ల షాపు. ఫిట్టర్ పని తెలిసినవాడు కావాలి, వయసు పట్టింపు లేదు. వంతెన దగ్గర." ఆమె అతని వైపు చూడలేదు. "కొత్త షాపు. ఈ వారమే మొదలైంది. యజమాని పేరు కుల్పాష్."

సోవెత్‌బెక్ ఒక్కసారి లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఇంటిపేరు చదవమన్నాడు. చదివింది. పుట్టిన సంవత్సరం చదవమన్నాడు. చదివింది.

"మీకు తెలిసినావిడేనా?"

"తెలుసనే అనుకున్నాను," అన్నాడు సోవెత్‌బెక్.

* * *

"మూడోది అడగడానికొచ్చానత్తా అన్నాడు," చెప్పింది కుల్పాష్. ఆవు పాకలో గోడకానుకుని నిలబడింది. చేతిలో చీపురు. "నా గుండె జారి కాళ్ళలో పడింది. వాడు కిటికీలోంచి పాక వైపు చూస్తున్నాడు. అయిపోయింది, తర్గిల్‌ని అడుగుతాడు, కాదనడానికి లేదు అనుకున్నాను. వాడు ఉన్నట్టుండి నీ పేరియ్యి అత్తా అన్నాడు. పేరేగా, ఇంట్లోంచి పోయేదేముంది..." అక్కడ నాలుక కరుచుకుంది.

సోవెత్‌బెక్ నోరు తెరిచాడు. ఇన్ని రోజులుగా ఈ మనిషి తనను అన్న మాటలన్నీ వరసకట్టి నాలుక చివర దాకా వచ్చాయి. ఎద్దును ఇస్తారు, ఎడ్లబండి ఇస్తారు...  కానీ ఆమెవీ తను ఆనాడు అనుకున్న మాటలే, అదే భయం, అదే సంతోషం. తను జీపు కోసం పడ్డ గోతిలోనే ఆమె ఆవు కోసం పడింది.

"కౌగిలించుకున్నావా వాణ్ణి?" అని మాత్రం అడిగాడు.

"ముద్దు కూడా పెట్టుకున్నాను," అంది కుల్పాష్ చిన్నబోయి. "పోనీలే, ఇకమీద వాడు అడగడానికేం లేదు. మూడూ అయిపోయాయి."

సోవెత్‌బెక్ జేబులోంచి కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "అయితే యజమానురాలుగారూ, ఇది చూడండి. మీ దగ్గరికే పంపారు నన్ను. నువ్వు నన్ను పనిలో పెట్టుకుంటే భృతి పోతుంది, సీజన్ అవగానే ఆ పనీ పోతుంది. వద్దని రాసిస్తే నేను నిరుద్యోగిని, బొగ్గు వస్తుంది. ఎందుకు వద్దో కారణం రాయాలి. రాయి."

ఇంట్లోకొచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. కుల్పాష్ కళ్ళజోడు పెట్టుకుంది. పెన్ను పట్టుకుంది. "ఏం రాయను?"

"పని రాదు అని రాయి."

ఆమె పెన్ను కాగితం మీద పెట్టింది, ఎత్తేసింది. "నీకు పని రాదా? ఈ సందులో ఎవరి మోటారు ఆగినా నీ దగ్గరికే కదా వస్తారు. అది రాస్తే జనం నవ్వుతారు నన్ను."

"ముసలోడు అని రాయి."

"ప్రకటనలో వయసు పట్టింపు లేదని ఉందిగా. అయినా నువ్వు ముసలోడివైతే నేనేంటి?"

"అబ్బబ్బ! తాగుతాడని రాయవే తల్లీ."

"నువ్వు తాగవు."

"వాళ్ళకేం తెలుసు?"

"నాకు తెలుసు కదా." కుల్పాష్ గొంతు ఉన్నట్టుండి మారింది. "ఇరవై రెండేళ్ళు, గడ్డకట్టే చలిలో కూడా ఒక్క రోజు ఫ్యాక్టరీకి ఆలస్యంగా వెళ్ళలేదు. జ్వరం వచ్చినా వెళ్ళావు. నేను లక్ష అంటాను నిన్ను, అది వేరు. ఇంట్లో అంటాను. పైవాళ్ళకి చూపించే కాగితం మీద నా చేత్తో నువ్వు పనికి చేతకానివాడివని ఎలా రాయను? వాళ్ళు తీసేస్తే తీసేశారు. నేనూ రాయాలా?" కళ్ళజోడు తీసి తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుంది.

 పని పోయినప్పటినుంచి సోవెత్‌బెక్‌తో ఇలాంటి మాట ఎవరూ అనలేదు. ఫ్యాక్టరీ వాళ్ళు అనలేదు, ఆఫీసుల్లో అనలేదు. ఇన్ని కిటికీల ముందు నిలబడ్డాడు, ప్రతిచోటా తన దగ్గర ఏం లేదో అదే అడిగారు.  పైకి మాత్రం కసిరాడు.

"ఇప్పుడీ ఏడుపేంటి? ఏదో ఒకటి రాస్తావా, తర్గిల్‌ని తోలుకుపోనా?"

"అరవకు. పెన్ను నాకు అందేట్టు అక్కడ పెట్టు. ఇటు కాదు, అటు. అటు పెట్టమంటే ఇటు పెడతావేంటి?" కుల్పాష్ ఆగింది. అతని వైపు చూసింది. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తల వంచి, బడిపిల్లలా నాలుక బయటపెట్టి, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. సంతకం చేసి అతని ముందుకు తోసింది.

కారణం అన్నచోట ఇలా ఉంది: "చెప్పిన మాట వినడు."

"ఇదేం కారణమే?"

"నిజమైన కారణం. నాకు అబద్ధం రాయాల్సిన పని పడలేదు."

"నేను మాట వినననా?"

"చూశావా, ఇప్పుడు కూడా వినట్లేదు."

మర్నాడు షోల్పాన్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. యజమానురాలి ఇంటిపేరు చూసింది. అతని ఇంటిపేరు చూసింది.  కిటికీ అవతల ఇంకా చాలామంది ఉన్నారు. ముద్ర కొట్టి, "తరవాతి వాళ్ళు," అంది.

సాయంత్రానికి ఫోన్లో కబురొచ్చింది. సోవెత్‌బెక్ వాకిట్లో మెట్టు మీద కూర్చుని చదువుకున్నాడు. మీరు నిరుద్యోగిగా నమోదయ్యారు. ఇన్ని రోజులు దీనికోసం ఎంతమందితో గొడవపడ్డాడో, అక్కతో కూడా తెగిపోయిందే! తీరా ఆ మాట కళ్ళముందుకొచ్చేసరికి దాన్ని మళ్ళీ మొదటినుంచి చదివాడు. మీసాలొచ్చిన నాటినుంచి అతన్ని ఎవరూ అలా పిలవలేదు. బాధేసింది. చీకటి పడుతోంది, మంచు మళ్ళీ మొదలైంది, అతను లేవలేదు.

తలుపు తెరుచుకుంది. కుల్పాష్ తొంగి చూసింది. ఫోన్ చూసింది, అతని మొహం చూసింది. 

"తర్గిల్‌కి గడ్డెయ్యి," అంది. "రేపు బొగ్గువాడొస్తాడు, భృతి వచ్చాక డబ్బిస్తానన్నాను, వాకిట్లో మంచు ఎత్తెయ్యి. ఆ పైన దౌలెన్‌కి ఫోన్ చెయ్యి. మీ అక్కని కూడా తీసుకుని భోజనానికి రమ్మను. మకరోనీ చేస్తాను."

అక్కా! తమ్ముడు లేడన్న అక్క! మేనల్లుడికి మొహం ఎలా చూపించాలి? చెప్పడానికి సోవెత్‌బెక్ దగ్గర చాలా మాటలున్నాయి. మామూలుగా అయితే అన్నీ చెప్పి, అరిచి, చివరికి గడ్డి కూడా ఆమే వేసుకునేలా చేసేవాడు.

లేచాడు. గడ్డి వేశాడు. మంచు ఎత్తాడు. చేతులు తుడుచుకుని ఫోన్ తీశాడు.